అమ్మ చీలమండ పైన నల్లబడిన చర్మం: బోదకాలా, సిరల సమస్యా?

ప్రశ్న:
మా అమ్మగారికి 58 ఏళ్లు. చాలా ఏళ్లుగా రోజంతా నిలబడి చేసే వంట పనిలో ఉన్నారు. ఏడాది నుంచి కుడికాలి చీలమండకు లోపలి వైపున, కొంచెం పైన, చర్మం నల్లబడి, పొడిబారి, విపరీతంగా దురద పెడుతోంది. సాయంత్రానికి కాలు వాచి, తెల్లవారేసరికి చాలావరకు తీసిపోతోంది. బంధువులు బోదకాలు అంటున్నారు. మందుల షాపులో తామర అని ఇచ్చిన పూతమందుతో గుణం కనిపించలేదు. ఇది ఏమై ఉండవచ్చు? బిగుతు మేజోళ్లు కొని వేయించవచ్చా?

మొదటి సమాధానం:
నేను వైద్యుడినే అయినా, చూడకుండా నిర్ధారించలేను. అయితే మీరు చెప్పిన చోటు, వాపు వచ్చి పోయే తీరు సిరల (రక్తాన్ని గుండెకు తిరిగి చేర్చే నాళాల) బలహీనతనే సూచిస్తున్నాయి. రక్తాన్ని పైకి మాత్రమే పోనిచ్చే కవాటాలు పాడైతే అది కాలి కింది భాగంలో నిలిచిపోతుంది; ఆ ఒత్తిడికి ఎర్ర రక్తకణాలు సన్నని నాళాల నుంచి బయటికి వచ్చి, వాటిలోని ఇనుము చర్మంలో పేరుకోవడం వల్లే ఆ రంగు వస్తుంది. ఈ దురదను తామర అనుకుని పూతల మీద పూతలు మార్చడం మన దగ్గర మామూలైపోయింది, ఈలోగా గోకిన చోట పుండు పడితే మానడానికి నెలలు పట్టవచ్చు. సిరలు ఉబ్బి మెలికలు తిరిగి కనిపించకపోయినా ఈ సమస్య ఉండవచ్చు కనుక డాప్లర్ స్కాన్ (నాళాల్లో రక్తం పారే తీరును చూపే అల్ట్రాసౌండ్ పరీక్ష) చేయించండి. అన్నట్టు, ఆమె రక్తపోటుకు ఆమ్లోడిపిన్ వాడుతున్నారా? దాని వల్ల కూడా కాళ్లు వాస్తాయి, కాకపోతే సాధారణంగా రెండూ వాస్తాయి.

రెండవ సమాధానం:
మాది గోదావరి జిల్లా, మా ఇంట్లో బోదకాలు ఉన్నవారు ఉన్నారు. అందులో వాపు పాదం పైభాగానికీ, వేళ్లకూ కూడా వస్తుంది, ముదిరాక రాత్రంతా పడుకున్నా తగ్గదు. మధ్యమధ్య చలిజ్వరం వచ్చి, గజ్జల్లో బిళ్లలు కడతాయి. కాలి రెండో వేలి మొదట్లో చర్మాన్ని చిటికెతో పట్టి పైకి లాగి చూడండి. మడత రాకపోతే బోదవాపును అనుమానించాలి, వచ్చినంత మాత్రాన లేదని తేల్చలేము.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మడత సులభంగానే వస్తోంది, ఆమ్లోడిపిన్ వాడటం లేదు. షుగరు మాత్రం చాలాకాలంగా ఉంది. కొంత దూరం నడిస్తే పిక్క పట్టేస్తుందనీ, ఆగితే కాసేపటికి తగ్గిపోతుందనీ ఈ రోజు అడిగితేనే చెప్పారు.

మొదటి సమాధానమిచ్చినవారు:
అలాగైతే మేజోళ్లు ఇప్పుడే కొనకండి. నడిస్తే పట్టి, ఆగితే వదిలే నొప్పి ధమనులు (గుండె నుంచి కాలికి రక్తం తెచ్చే నాళాలు) సన్నబడటానికి గుర్తు కావచ్చు, అంటే ఒకే కాలిలో రెండు సమస్యలూ ఉండవచ్చు. రక్తం చాలినంత అందని కాలిని గట్టిగా బిగిస్తే చర్మం చచ్చిపోయే ప్రమాదం ఉంది. ముందుగా చీలమండ దగ్గర, చేతి దగ్గర రక్తపోటు కొలిచి, మొదటిదాన్ని రెండోదానితో భాగించి నిష్పత్తి చూస్తారు. అది 0.9 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే ధమనుల జబ్బును అనుమానిస్తారు, 0.5 కంటే తక్కువైతే మామూలు బిగుతు మేజోళ్లు వేయకూడదు. షుగరు ఉన్నవారిలో నాళాలు గట్టిపడి ఈ లెక్క 1.4 దాటి తప్పుగా చూపవచ్చు కాబట్టి, బొటనవేలి దగ్గరి ఒత్తిడి కూడా కొలవమని అడగండి. రక్తనాళాల సర్జన్‌కు చూపించడం మంచిది. అపాయింట్‌మెంట్ దొరికేలోగా వేలి కొన నల్లబడినా, పాదం హఠాత్తుగా చల్లబడి పాలిపోయినా, పిక్క ఒక్కసారిగా వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకువెళ్లండి.