చియారి ఆపరేషన్: ఎముక తీస్తే చాలా, డ్యూరా కూడా తెరవాలా?

పాప_నాన్న
మా పాపకి తొమ్మిదేళ్లు. దగ్గినా, పగలబడి నవ్వినా తల వెనక రెండు చేతులతో పట్టుకుని కూర్చుండిపోతుంది. ఎమ్మారై తీస్తే చియారి 1 అన్నారు. చిన్నమెదడు కింది కొసలు పుర్రె అడుగు రంధ్రం దాటి 11 మిల్లీమీటర్లు దిగాయట. వాటిని టాన్సిల్స్ అంటారు, గొంతులోవి కావు అని మా అమ్మకి నచ్చజెప్పేసరికి తలప్రాణం తోకకొచ్చింది. వెన్నుపాములో నీరు చేరి సిరింక్స్ కూడా ఉంది, 5 మిల్లీమీటర్ల వెడల్పు. ఒక సర్జన్ గారేమో పుర్రె వెనక ఎముక తీసి ఊరుకుందాం, దాని కింద మెదడుని కప్పే గట్టి పొర, అదే డ్యూరా, దాని జోలికి వద్దు అంటున్నారు. రెండో ఆయన డ్యూరా తెరిచి ప్యాచ్ వేయకపోతే సగం పనే అంటున్నారు. ఇద్దరూ అనుభవం ఉన్నవాళ్లే. ఎవరి మాట వినాలో తెలియక నిద్ర పట్టడం లేదు.

రెండుసార్లు_వెళ్ళొచ్చాం
తెరిపించేయండి. మా వాడికి ఆరేళ్లప్పుడు ఎముక మాత్రమే తీశారు. మూడో రోజుకే ఇంటికొచ్చేశాం, తలనొప్పి తగ్గింది, గండం గడిచిందనుకున్నాం. ఏడాదికి ఎమ్మారై చూస్తే సిరింక్స్ ఎక్కడిదక్కడే ఉంది, పైగా చేతులు బలహీనపడ్డాయి. మళ్ళీ అదే మెడ, అదే కోత, ఈసారి డ్యూరాప్లాస్టీ, అంటే డ్యూరా తెరిచి ప్యాచ్ వేయడం. పిల్లాడిని రెండోసారి థియేటర్ తలుపు దాకా తీసుకెళ్ళడం ఎలా ఉంటుందో నన్నడగండి.

వానచినుకు
అక్కా, మీ బాధ అర్థమైంది, కానీ "తెరిపించేయండి" అని ఒక్క ముక్కలో చెప్పేస్తే ఎలా? మాకు మొదటిసారే తెరిచారు. ఎనిమిదో రోజు పాప జడ పక్కకి తీసి చూస్తే కుట్ల కింద నిమ్మకాయంత ఉబ్బు, వేలితో తాకితే మెత్తగా నీటి సంచిలా ఉంది. మర్నాటికి దిండు తడిసింది. సీఎస్ఎఫ్ లీక్, అంటే మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే నీరు కారడం అన్నారు. జ్వరం, వాంతులు, మళ్ళీ కుట్లు, మొత్తం మూడు వారాలు ఆసుపత్రిలోనే. మేమూ రెండుసార్లు వెళ్ళొచ్చినవాళ్లమే, కాకపోతే తెరిచినందుకు.

న్యూరో_రెసిడెంట్
మీ ఇద్దరి అనుభవాలూ ఒకే లెక్కలో రెండు వైపులు. 2008లో డర్హమ్, ఫెల్డ్-ఒలెనెక్ అనే ఇద్దరు పిల్లల మీద అప్పటిదాకా వచ్చిన 7 అధ్యయనాలని, మొత్తం 582 మందిని, కలిపి చూశారు. ఎముక మాత్రమే తీసినవాళ్లలో 12.6 శాతం మందికి మళ్ళీ ఆపరేషన్ పడింది, డ్యూరా తెరిచినవాళ్లలో 2.1 శాతం మందికే. కానీ లీక్ లాంటి సీఎస్ఎఫ్ సమస్యలు చూస్తే అటు 1.8, ఇటు 18.5. అంటే ఒక ముప్పు తప్పించుకుంటే ఇంకోటి నెత్తికెత్తుకుంటున్నాం. సిరింక్స్ తగ్గింది ఎముక మాత్రమే తీసినవాళ్లలో 56.3, డ్యూరా తెరిచినవాళ్లలో 87 శాతం మందికి, చూడ్డానికి పెద్ద తేడానే అయినా గణాంకాల ప్రకారం గట్టిగా నిలబడలేదు. ఇంకో మెలిక, ఇవి చీటీ తీసి పంచిన గుంపులు కావు. ఎవరికి ఏది చేయాలో సర్జనే ఎంచుకున్నాడు, కాబట్టి రెండు గుంపుల పిల్లలూ ఒకేలాంటి వాళ్లని అనుకోలేం.

అడ్డంగా_అడిగేవాడు
అంటే "రెండూ ఒకటే" అని చెప్పడానికి ఇంత పొడుగు రాశారా డాక్టర్ గారూ?

న్యూరో_రెసిడెంట్
ఒకటే అనలేదండీ. అసలు సమస్య దారి ఇరుకవ్వడం. గుండె కొట్టుకున్నప్పుడల్లా నీరు తలలోంచి వెన్నులోకీ, వెన్నులోంచి తలలోకీ కదలాలి, అక్కడ టాన్సిల్స్ బిరడాలా బిగుసుకున్నాయి. పుర్రె వెనక కొంత ఎముక, మెడ మొదటి పూస వెనక కమాను తీస్తే కొందరు పిల్లలకి అంతే చాలు, ఎందుకంటే చిన్నపిల్లల డ్యూరా ఇంకా సాగుతుంది. పైగా మరీ చిన్నవాళ్లలో ఆ పొరలో పెద్ద రక్తనాళాలు ఉండొచ్చు, కోస్తే రక్తం ఆపడం కష్టం. చాలామంది ఎముక తీశాక అక్కడే అల్ట్రాసౌండ్ పెట్టి చూస్తారు. టాన్సిల్స్ చుట్టూ నీళ్లు ఆడుతున్నాయా, ఇంకా నొక్కుకునే ఉన్నాయా అని చూసి, తెరవాలా వద్దా అన్నది అప్పుడు తేలుస్తారు. తెరిచాక కూడా టాన్సిల్స్ కొసలు కాల్చి కుదించాలా అన్నది ఇంకో గొడవ, అందులోకి ఇప్పుడు పోను.

నా మట్టుకు నాకు సిరింక్స్ లేకపోతే ముందు ఎముకతోనే సరిపెడతాను, ఉండి అది పెరుగుతుంటే తెరవడం వైపే మొగ్గుతాను. పాప సిరింక్స్ 5 మిల్లీమీటర్లు, మరీ చిన్నదీ కాదు, మరీ పెద్దదీ కాదు, కాబట్టి మీ సర్జన్లిద్దరిలో ఎవరూ తప్పు చెప్పలేదు. అమెరికా న్యూరోసర్జన్ల 2023 మార్గదర్శకాలు కూడా మొదటి ఆపరేషన్‌గా రెండిట్లో ఏదైనా చేయొచ్చన్నాయి. సిరింక్స్ తగ్గలేదని రెండో ఆపరేషన్‌కి పరుగెత్తకుండా 6 నుంచి 12 నెలలు ఆగమన్నాయి.

రెండుసార్లు_వెళ్ళొచ్చాం
ఆగాం కదా డాక్టర్ గారూ, ఆగిన ఏడాదిలోనే చేతులు పోయాయి.

న్యూరో_రెసిడెంట్
చేతుల బలం తగ్గుతుంటే ఆగకూడదమ్మా. లక్షణాలు ముదరకుండా స్కాన్ ఒక్కటే మారనప్పుడు ఆగమనే మాట అది.

అడ్డంగా_అడిగేవాడు
మరి ముంబయి సర్జన్ అతుల్ గోయల్ గారు ఇదంతా మెడ మొదటి రెండు పూసల మధ్య బిగువు లేకపోవడం వల్లే, స్క్రూలతో బిగిస్తే చాలు, ఎముక తీయక్కర్లేదు అంటున్నారుగా? దాని సంగతి ఎవరూ ఎత్తరేం?

న్యూరో_రెసిడెంట్
ఎత్తాల్సిందే. పూసలు నిజంగా కదులుతున్నాయని తేలినా, రెండో పూస కొస పైకి చొచ్చుకొచ్చినా బిగించడం సరైనదే. కానీ అలాంటిదేమీ లేని పిల్లలందరికీ అదే మూలం అంటే చాలామంది సర్జన్లు ఒప్పుకోవడం లేదు, నేనూ ఒప్పుకోను. మనం తల పక్కకి తిప్పే తిప్పుడులో దాదాపు సగం ఆ రెండు పూసల మధ్యే జరుగుతుంది. బిగించేస్తే తొమ్మిదేళ్ల పాప జీవితాంతం భుజాలతో సహా తిరిగి వెనక్కి చూడాలి.

వానచినుకు
పాప నాన్నగారూ, ఒక్క మాట. పద్ధతి ఏదన్నది పక్కనపెట్టి, మీరు అనుకుంటున్న చోట ప్యాచ్ దేంతో వేస్తారో, తల వెనక పుర్రె మీది పొరే తీసి వాడతారో, బయటి మెటీరియల్ వాడతారో, వాళ్ల పిల్లల్లో ఎంతమందికి లీక్ అయిందో అడగండి. నేను అడగలేదు.

పాప_నాన్న
అందరికీ థాంక్స్. ఇవాళ ఇద్దరికీ ఫోన్ చేశాను. మొదటాయన అల్ట్రాసౌండ్ పెడతాను, నీరు ఆడకపోతే తెరుస్తాను, సంతకం రెండిటికీ పెట్టించుకుంటాను అన్నారు. అంటే వాళ్లిద్దరి మధ్య నేననుకున్నంత దూరం లేదు. రెండో ఆయన లీక్ లెక్క అడిగితే కాస్త విసుక్కున్నారు. పూసలు కదులుతున్నాయేమో చూడ్డానికి మెడ వంచి, ఎత్తి ఎక్స్‌రే రేపు తీయిస్తున్నాం. ఇంకో సంగతి, నిన్న రాత్రి వేడినీళ్ల గ్లాసు నా చేతికి చురుక్కుమంది, పాప మాత్రం ఎడమచేత్తో పట్టుకుని అలాగే మాట్లాడుతూ కూర్చుంది. ఇది కూడా సిరింక్స్ వల్లేనా?

న్యూరో_రెసిడెంట్
అయ్యుండొచ్చు. సిరింక్స్‌లో వేడి, నొప్పి తెలియకపోవడం ముందుగా కనిపించే లక్షణాల్లో ఒకటి. ఎక్స్‌రే దాకా ఆగకండి, ఈ సంగతి ఇద్దరు సర్జన్లకీ ఇవాళే చెప్పండి.