‘గట్టితి వేటిగడ్డ నిలు’: వేటా? ఏరా?

కొండదరి: ‘శ్రీకాళహస్తి మాహాత్మ్యం’లో ధూర్జటి తిన్నని (కన్నప్ప) పద్యం, అడవిలో శివలింగాన్ని చూసి అతను అడిగేది, పొద్దుటి నుంచి నాలుక మీదే తిరుగుతోంది. ‘ఓ సామీ! యిటువంటి కొండదరిలో నొంటిం బులుల్ సింగముల్’ బాగానే వస్తుంది. రెండో పాదం చివర ‘గల్జువ్వి క్రీనీడ నే’, మూడోది ‘యాసం గట్టితి వేటిగడ్డ నిలు’. ఆ తర్వాత జారిపోతోంది. పేచీ ‘వే’ దగ్గర. అడిగేది వేటగాడి కొడుకు కనుక వేటగడ్డ అనుకోకూడదా?

శార్దూలం: ‘వేట’కు ‘వేటి’ అనే రూపం ఎక్కడిదండీ? ఏరు–ఏటి, నోరు–నోటి. కట్టితివి + ఏటిగడ్డన్ + ఇలు. ఏ ఆశతో ఈ ఏటి ఒడ్డున ఇల్లు కట్టావయ్యా అని అడుగుతున్నాడు. ఆ ఏరు సువర్ణముఖి. గణాలు మీ పేచీ తీర్చవు, ఎలా విడగొట్టినా ‘ట్టితివే’ సగణమే (రెండు లఘువులు, ఒక గురువు). అయితే ‘ఇలు’ లకారం ఒక్కటే ఎందుకో గణం చెబుతుంది. ‘నిల్లు నీ’ అంటే అక్కడ సగణం చెడుతుంది. జారిపోయిన ముక్క ఇదీ: ‘నీ వాకొన్నచోఁ గూడు నీ / ళ్ళే సుట్టంబులు దెచ్చి పెట్టెదరు? నీ విందేటికే లింగమా!’

బోదగడ్డి: ‘ఇలు’ను అంత తేలిగ్గా దాటేస్తే ఎలా? చెంచు పిల్లవాడి కంటికి ఇల్లంటే చుట్టిల్లు. నడుమ ఒక నిట్రాడు, చుట్టూ వెదురు తడిక, పైన గుమ్మటంలా దిగే బోదగడ్డి. కప్పు వాలు చాలకపోతే వాన కిందికి జారదు, గడ్డి నాని కుళ్ళుతుంది. ఎదురుగా చెట్టు కింద రాయి, దాని మీద కప్పు లేదు. తిన్నడి బెంగ అక్కడే.

శార్దూలం: తిన్నడు చెంచు అని ఎవరన్నారు? తమిళ పెరియపురాణంలో అతనిది పొత్తప్పి నాడు, ధూర్జటిలో ఉడుమూరు. ఊరు! నల్లమల చెంచులుండేది పెంటలో.

అమ్రాబాద్: ఆ ‘పెంట’ దగ్గరే ఆగుదాం. మైదానంలో ఆ మాటంటే ముక్కు మూసుకుంటారు, నల్లమలలో అది నివాసం: ఈర్లపెంట, సుండిపెంట. పాత పద్ధతిలో పెంటంటే కొన్ని గుడిసెలు, వాటి చుట్టూ ఆ కులం, అంటే ఒకే ఇంటిపేరు వాళ్ళు, తిరిగే అడవి. చిగుర్ల, నిమ్మల, తోకల, కుడుముల… ఒకే ఇంటిపేరు వాళ్ళు పెళ్ళాడరు. నీరు ఎండినా, గడ్డలు తగ్గినా, ఇప్పపువ్వు రాలే కాలం వచ్చినా గుడిసె వదిలి కదిలేవారు. మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1943లో అచ్చువేసిన చెంచుల పుస్తకంలో ఈ కదలికలున్నాయి. 1983లో పులుల అభయారణ్యం ప్రాజెక్టు టైగర్ కిందికి వచ్చాక ఆ కదలికకు చోటు ఇంకా తగ్గింది.

పాతకాగితం: పెంట అంటే మొదట పశువుల మంద తోలిన చోటు. ఎండాకాలం మేపరులు పశువుల్ని అడవిలోకి తోలుకొస్తారు, పేడ పోగవుతుంది, ఆ నేల బలుస్తుంది, పేరు మిగులుతుంది. కొల్లాపురం దగ్గరి పెంట్లవెల్లి చూడండి, పెంటపాడు చూడండి.

అమ్రాబాద్: మంద తోలిన ప్రతి చోటూ పెంట అయితే గొల్లపల్లెలన్నీ పెంటలే కావాలిగా? ‘కుప్ప’ అర్థం నుంచే గుడిసెల గుంపు వచ్చిందని నా లెక్క.

పాతకాగితం: పిల్లలు దక్కని ఇంట్లో పుట్టినవాణ్ణి పెంట మీద దొర్లించి పెంటయ్య అని పేరు పెడతారే, అక్కడ కుప్ప అర్థమే, ఒప్పుకుంటాను. నివాసానికి మాత్రం ఒప్పుకోను.

కొండదరి: సుండిపెంటా, సున్నిపెంటా? బోర్డుల మీద రెండూ కనిపిస్తాయి.

బోదగడ్డి: 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీశైలం ప్రాజెక్టు కాలనీతో ఆ పేరు కాగితాలకెక్కింది. ‘సున్ని’ అనగానే సున్నమనీ, సున్నిపిండి అనీ లాగుతున్నారు. ‘ండ’ నలిగి ‘న్న’ అవడం తేలిక, వెనక్కి రావడం కష్టం. కనుక సుండి పాతది. సుండి అంటే ఏమిటనేది వేరే తగాదా.

ఈలోగా పద్యంలో ‘సుట్టంబులు’ను అందరూ దాటేశారు. కొండతేనె తీసేవాడు నారతాడు మీద లోయలోకి దిగుతాడు, పైన తాడు పట్టేది బావమరిది. అన్నదమ్ములకు అప్పగించరు. అక్క తాళి తెగాలని బావమరిది కోరుకోడు కదా! కింద పచ్చాకు పొగ, చేతిలో కోసే కర్ర, పక్కన బుట్ట. కొండతేనె పట్టులో తేనె ఉండేది రాతినంటిన పై భాగంలో ఒక పక్కన, పిల్లపురుగు కింద. మొత్తం ఒక్క కోతతో దించితే పురుగు, పుప్పొడి తేనెలో నలిగి, తేమ చేరి పులుస్తుంది. తేనె ఉన్న ముక్క ఒక్కటే కోసి, పురుగున్న భాగాన్ని రాతికి అంటి ఉండగానే వదిలితే తేనే నిలుస్తుంది, పట్టూ నిలుస్తుంది. ‘ఏ సుట్టంబులు’ అని తిన్నడు అడిగినప్పుడు అది వంటరితనం మీద జాలి ఒక్కటే కాదు, తాడు పట్టేవాడెవరన్న లెక్క.

శార్దూలం: లెక్క బాగుంది గానీ పద్యంలో తాడు లేదు, కూడూ నీళ్ళూ ఉన్నాయి. ధూర్జటి రాయనిది ఆయన నోట పెట్టొద్దు.

బోదగడ్డి: ఆ నీళ్ళకు ‘కల్జువ్వి’ సాక్ష్యం. కల్ అంటే రాయి. రాతి పగుల్లో వేరు దిగిన జువ్వి కింద చెమ్మ ఉంటుంది. ‘కలుజువ్వి’ అని దిద్దిన ప్రతులుంటే పక్కన పెట్టండి, తగణం పోతుంది.

శార్దూలం: చెమ్మ అన్నారు కాబట్టి: ఆత్మకూరు వైపు నాగలూటి, బైర్లూటి పేర్లలో యాత్రికుల దోపిడీని వెతికేవాళ్ళున్నారు. అది ‘లూటీ’ కాదు, ఊట. శ్రీశైలం కాలిబాట నీటి గుర్తులు చూసుకుంటూ సాగిన బాట.

పాతకాగితం: మరి నల్లమలలోనే ఉన్న పాలుట్ల? ఊటే అయితే ‘పాలూట్ల’ కావాలి. దీర్ఘం ఎవరు మింగారు?