ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) వచ్చేదాకా విడాకులు ఆపమని అడగడం తప్పా?

కోనసీమ: మా చిన్నాన్న కూతురు డాలస్‌లో హెచ్-4 మీద ఉంటోంది, అంటే హెచ్-1బి ఉద్యోగ వీసా ఉన్న భర్త మీద ఆధారపడ్డ వీసా. భార్యాభర్తలకు పొసగలేదు, విడాకులకు ఇద్దరూ ఒప్పుకున్నారు. కాలేజీలో సీటొచ్చింది కాబట్టి, ఎఫ్-1కి మారేదాకా డిక్రీ (కోర్టు ఇచ్చే విడాకుల తీర్పు) ఆపమని ఆమె అడుగుతోంది. "ఇంకా నా వీసా మీదే ఉండాలా" అని అతను. ఇంట్లో పెద్దవాళ్లు రెండు వర్గాలయ్యారు. ఆమె అడగడంలో తప్పు లేదని నా అభిప్రాయం.

ఓరుగల్లు: నేనొప్పుకోను అన్నా. కలిసి బతకడం లేదని తెలిసీ, వీసా కోసం పెళ్లిని కాగితం మీద నిలబెడితే ప్రభుత్వాన్ని మోసం చేసినట్టు కాదా? అతనికీ వయసు పోతోంది, మళ్లీ పెళ్లి చేసుకోవద్దా?

ఫ్రిస్కో అక్క: మోసం అనకు తమ్ముడూ. వేరే ఇళ్లలో ఉన్నా సరే, డిక్రీ వచ్చేదాకా చట్టం దృష్టిలో వాళ్లు భార్యాభర్తలే, ఆమె హెచ్-4 పోదు. డిక్రీ ఫైనల్ అయిన రోజున మాత్రం పోతుంది. ఈఏడీ (పని అనుమతి కార్డు) మీద ఉద్యోగం చేస్తుంటే అదీ అంతే. హెచ్-1బి వాళ్లకు ఉద్యోగం పోతే 60 రోజుల వరకు గడువుంటుంది, విడాకులైన భార్యకు అది వర్తించదు. ఎఫ్-1కి మారాలంటే ఐ-539 (వీసా రకం మార్చమనే దరఖాస్తు) వేసే రోజుకి స్టేటస్, అంటే అమెరికాలో చట్టబద్ధంగా ఉండే హోదా, ఉండాలి. టెక్సస్‌లో పిటిషన్ వేసిన 60 రోజులకే డిక్రీ ఇచ్చేయొచ్చు. ఆ తొందరలో సంతకం పెడితే ఆమె ఏ దారీ లేక సామాను సర్దుకోవాలి. పిల్లలున్న ఇళ్లలో ఇంకా ఘోరం. తండ్రి వల్ల పిల్లల హెచ్-4 నిలుస్తుంది, తల్లిది పోతుంది. నేను చూశాను, కస్టడీ గురించి మాట్లాడుకుంటూనే ఆ తల్లి టికెట్ల రేట్లు చూసుకుంటోంది.

సెయింట్ లూయిస్: అమెరికన్ సిటిజన్‌ని చేసుకుని రెండేళ్ల కండిషనల్ గ్రీన్ కార్డ్ తెచ్చుకున్నవాళ్లకైతే విడాకులైనా దారుంది. పెళ్లి నిజంగానే చేసుకున్నామని జాయింట్ అకౌంట్లు, ఇంటి లీజు లాంటివి చూపించి ఐ-751 (ఆ కండిషన్ తీసేయమనే దరఖాస్తు) ఒంటరిగా వేసుకోవచ్చు. పదేళ్లు కాపురం చేసిన హెచ్-4 భార్యకు అలాంటిదేమీ లేదు. భర్త కంపెనీ ద్వారా గ్రీన్ కార్డ్ క్యూలో ఇద్దరూ ఏళ్ల తరబడి నిలబడి, కార్డు రాకముందే విడిపోతే అతని ప్రయారిటీ డేట్ (క్యూలో స్థానం చెప్పే తేదీ) అతనికే, ఆమెకు మిగిలేది సున్నా. అదే కార్డు వచ్చాక విడిపోతే ఆమె కార్డు ఆమెదే. ఇంత అన్యాయమైన రూల్ పెట్టి, కొన్ని నెలలు ఆగమన్న అమ్మాయిని తప్పుపట్టడమేంటి?

ఓరుగల్లు: రూల్ అన్యాయమే, కాదనను. కానీ దాని బరువు అతనొక్కడే ఎందుకు మోయాలి? ఒక సెమిస్టర్ రెండవుతుంది, రెండు నాలుగవుతాయి.

ఫ్రిస్కో అక్క: అతనేం దయ చూపించక్కర్లేదు, ఆమె సహకారం అతనికీ కావాలి. తిరుపతిలో పెళ్లయిన ఒక జంట కేసులో భర్త మిస్సోరి కోర్టు నుంచి తెచ్చుకున్న విడాకులు ఇండియాలో చెల్లవని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. భార్య ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటే లెక్క వేరు. ఆమెను తరిమేసి తెచ్చుకున్న డిక్రీతో అతను ఇండియాలో మళ్లీ పెళ్లికి వెళ్తే ఎంత టెన్షనో చెప్పండి. ఇంకో మాట, అతను కొట్టి ఉంటే ఆధారాలతో ఆమెకు పని అనుమతి దొరికే నిబంధన ఉంది, కాకపోతే దానివల్ల స్టేటస్ రాదు.

కోనసీమ: కొట్టడం లాంటిదేమీ లేదక్కా, కుదరలేదంతే. తమ్ముడు చెప్పిన భయం మాత్రం బావలో నిజంగానే ఉంది. అందుకని ఐ-539 ఈ నెలాఖరులోపు వేయాలని, ఫలానా తేదీ దాటితే ఆగేది లేదని కాగితం మీద రాసుకోమంటాను. హెచ్-4 గడువు ఎప్పటిదాకా ఉందో ముందు ఐ-94 (అమెరికాలోకి వచ్చినప్పుడు ఇచ్చే రికార్డు)లో చూడమని దానికిప్పుడే మెసేజ్ పెట్టాను. ఇద్దరికీ ఒకే లాయర్ వద్దని కూడా చెప్పాను.