థ్రెడ్‌లోకి వెళ్లగానే డెసిమల్ ప్రెసిషన్ 50 నుంచి 28కి పడిపోతోంది, ఎందుకు?

పైథాన్ 3.11, దానితో పాటే వచ్చే డెసిమల్ మాడ్యూల్ (దశాంశ సంఖ్యల లెక్కలకి వాడేది). ప్రోగ్రామ్ మొదట్లోనే గెట్‌కాంటెక్స్ట్‌తో (ప్రస్తుత లెక్కల సెట్టింగ్‌లు ఇచ్చే ఫంక్షన్) ప్రెసిషన్, అంటే ఫలితంలో ఉంచే అంకెల సంఖ్య, 50 అని పెట్టాను. మెయిన్ థ్రెడ్‌లో 1ని 7తో భాగిస్తే సరిగ్గా 50 అంకెలు వస్తున్నాయి, ఏ గొడవా లేదు. అదే లెక్కని థ్రెడ్‌పూల్ ఎగ్జిక్యూటర్‌లో (పనుల్ని పక్కపక్కనే నడిచే థ్రెడ్‌లకి పంచేది) 4 వర్కర్లతో నడిపితే మాత్రం 28 అంకెల దగ్గరే ఆగి, చివర 1429 అని రౌండ్ అయిపోతోంది. ఎర్రర్ లేదు, వార్నింగ్ కూడా లేదు, అందుకే కనిపెట్టడానికే రెండు రోజులు పట్టింది.

ముందు ఎక్కడో ఫ్లోట్ (తక్కువ అంకెల కచ్చితత్వం ఉండే మామూలు దశాంశ సంఖ్య) దూరిందేమో అనుకున్నాను, కానీ విలువలన్నీ స్ట్రింగ్ నుంచే డెసిమల్‌గా మారుస్తున్నాను, అది చూసుకున్నా. తర్వాత థ్రెడ్ లోపల ప్రెసిషన్ ప్రింట్ చేస్తే 28 అని వచ్చింది, అంటే నేను పెట్టిన 50 అక్కడిదాకా చేరట్లేదన్నమాట. పనిని పూల్‌కి పంపే చోట లోకల్‌కాంటెక్స్ట్ బ్లాక్ (ఆ బ్లాక్ వరకే సెట్టింగ్ మార్చేది) చుట్టి చూశాను, ఏం మారలేదు. ఫంక్షన్ లోపల మొదటి లైన్‌లోనే మళ్లీ 50 పెడితే పనిచేస్తోంది గానీ, అలాంటి ఫంక్షన్లు 14 ఉన్నాయి, రేపు ఒక్కదాంట్లో మర్చిపోయినా తప్పు లెక్క చడీచప్పుడు లేకుండా బయటికి వెళ్లిపోతుంది, నా టెన్షన్ అదే.

ప్రతి ఫంక్షన్‌లో రాయకుండా, పూల్‌లోని థ్రెడ్‌లన్నిటికీ ప్రెసిషన్ 50 ఒకే చోట సెట్ చేయడం ఎలా?