ఫిల్ము కడిగేటప్పుడు ట్యాంకు కదపాలా, వదిలేయాలా?

కొత్తరీలు:
ఇంట్లో బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము కడగడం మొదలుపెడదామనుకుంటున్నాను. ఎక్కడ అడిగినా ఒకటే సలహా. రోడినాల్ అనే డెవలపర్ (ఫిల్ము మీద బొమ్మని తేల్చే మందు) ఒక వంతుకి 100 వంతుల నీళ్లు కలిపి, ఫిల్ము ఉన్న వెలుగు చొరని ట్యాంకులో పోయాలట, మొదటి నిమిషం తిప్పి గంటసేపు ముట్టుకోకూడదట. ఏ ఫిల్మైనా, ఏ ఐఎస్ఓ (వెలుగుకి స్పందించే వేగం) అయినా అదే లెక్క, నీళ్లు కాస్త వెచ్చగా ఉన్నా ఫర్వాలేదు అంటున్నారు. స్టాండ్ డెవలప్‌మెంట్ అంటే ఇదేనట. ఇంకొందరేమో అలా మొదలుపెడితే ఎప్పటికీ ఏమీ నేర్చుకోవు, డీ-76 అనే పొడి డెవలపర్ కలుపుకుని గడియారం చూసుకుంటూ కడుగు అంటున్నారు. నా దగ్గర హెచ్‌పీ5 ప్లస్ (ఇల్‌ఫర్డ్ కంపెనీ 400 ఐఎస్ఓ ఫిల్ము) రోళ్లు ఉన్నాయి. దేనితో మొదలుపెట్టమంటారు? ‘నాకు బాగానే వస్తోంది’ అని ఊరుకోకుండా ఎందుకో కూడా చెప్పండి.

గంటసేపు:
చెప్తాను. వెలుగు గట్టిగా పడ్డ చోట డెవలపర్ త్వరగా ఖర్చయిపోతుంది. మనం కదపం కాబట్టి అక్కడికి తాజాది రాదు, పని నెమ్మదిస్తుంది. నీడల దగ్గర ఖర్చు తక్కువ, అక్కడ పని సాగుతూనే ఉంటుంది. గది లోపల నిలబడి కిటికీ వైపు ఫోటో తీశారనుకోండి, కిటికీ అవతలి చెట్టూ దక్కుతుంది, ఇవతల కుర్చీ కాళ్లూ దక్కుతాయి. పైగా రోడినాల్ 1891 నుంచి ఉన్న మందు. సీసా తెరిచాక ఏళ్ల తరబడి నిలుస్తుంది, రంగు నల్లబడ్డా పనిచేస్తుంది. డీ-76 పొడి కలిపితే నిండు సీసాలో ఆరు నెలలు, సగం సీసాలో రెండు నెలలు. నెలకో రోలు తీసేవాడికి ఏది నయమో మీరే చెప్పండి.

చారలొద్దు:
సీసా సంగతి ఒప్పుకుంటాను. మిగతాది సగమే చెప్పారు. ఫిల్ములోని సిల్వర్ హాలైడ్ (వెలుగుకి స్పందించే వెండి లవణం) వెండిగా మారేటప్పుడు బ్రోమైడ్ విడుదలవుతుంది. డెవలపర్ పనిని అడ్డుకునేది అదే. కదపకపోతే ఆ బ్రోమైడ్ నిండిన ద్రవం బరువెక్కి కిందికి జారుతుంది. రీలులో (ట్యాంకులో ఫిల్ముని చుట్టి పెట్టే చట్రంలో) ఫిల్ము అంచు మీద నిలబడి ఉంటుంది కదా, జారిన దారంతా ఒక పట్టీ పడుతుంది. బూడిదరంగు గోడ ముందు తెల్ల చొక్కా మనిషిని తీసి చూడండి. చొక్కా దగ్గర మొదలై ఫిల్ము అంచు దాకా, చొక్కా అంత వెడల్పున నెగటివ్‌లో పలచటి పట్టీ ఉంటుంది. ప్రింటులో అది గోడ మీద నల్లటి మరకలా తేలుతుంది. 35 ఎంఎంలో అయితే పెర్ఫొరేషన్ల (అంచు చిల్లుల) పక్కన చారలు అదనం. ఇవి స్కానర్లో దిద్దుకునేవి కావు.

గంటసేపు:
అందుకే 30వ నిమిషం దగ్గర ట్యాంకు రెండుసార్లు మెల్లగా తిప్పమంటారు.

చారలొద్దు:
అంటే కదపాలనే కదండీ మీరూ అనేది! ఇక మన గొడవంతా ఎన్నిసార్లు అన్నదాని మీదే.

ఎర్రబల్బు:
(నా పేరు చూసి ఎర్ర లైటు కింద ఫిల్ముని రీలుకి ఎక్కించకండి. హెచ్‌పీ5 పాంక్రోమాటిక్, అంటే ఎర్ర వెలుగుకీ స్పందిస్తుంది, ట్యాంకు మూత పడేదాకా పూర్తి చీకటే.)

ఇద్దరూ కొలతల జోలికి రాలేదు. పేటర్సన్ ట్యాంకు అడుగున చూడండి, 35 ఎంఎం ఒక రోలుకి 290 మి.లీ. అని ఉంటుంది. అందులో 1+100 అంటే రోడినాల్ మూడు మి.లీ. కూడా పడదు. రోలుకి కనీసం 5 మి.లీ. ఉండాలని వాడేవాళ్లే చెప్తారు. అంటే అర లీటరు ద్రావణం పట్టే రెండు రీళ్ల ట్యాంకు కావాలి, పై రీలు ఖాళీగా. ఇది చెప్పకుండా కొత్తవాళ్లతో గంటసేపు వదిలేయమంటే నీరసపు నెగటివ్ వస్తుంది, పాపం వాళ్లు కెమెరాని తిట్టుకుంటారు.

ఇంకొకటి. ‘డెవలపర్ అయిపోగానే అదే ఆగిపోతుంది, కాబట్టి టైముతో పనిలేదు’ అన్నది నిజం కాదు. ఒకే ఫిల్ము గంట ఉంచిందీ, రెండు గంటలు ఉంచిందీ పక్కపక్కన పెడితే రెండోదాని ఫాగ్ (వెలుగు పడని చోటా పట్టే మసక) కంటికే తెలుస్తుంది. ఏ ఐఎస్ఓ అయినా ఒకటే అన్నదీ అంతే. 400 ఫిల్ముని 1600గా లెక్కేసి తీసిన రోలు నీడల్లో వెలుగే పడలేదు. పడని వెలుగుని ఏ మందూ పుట్టించలేదు.

కొత్తరీలు:
మరి నీళ్ల వేడి? నాకు భయం అక్కడే. 20 డిగ్రీలు నిలబెట్టడం నా వల్ల అవుతుందా?

చారలొద్దు:
20 దగ్గరే నిలబెట్టక్కర్లేదండీ. ఎంత ఉందో తెలిస్తే చాలు, టైము దానికి తగ్గట్టు మార్చుకోవచ్చు. ఇల్‌ఫర్డ్ వాళ్ల ఐడీ-11, కొడాక్ వాళ్ల డీ-76 ఒకే తాను ముక్కలు. హెచ్‌పీ5 ప్లస్‌కి ఐడీ-11 1+1లో (ఒక వంతుకి ఒక వంతు నీళ్లు) 20 డిగ్రీల దగ్గర 13 నిమిషాలని ఇల్‌ఫర్డ్ ఇస్తుంది. 24 దగ్గర అది సుమారు 9 అవుతుంది. మరీ 5 నిమిషాల కిందికి పోతే మాత్రం డెవలపర్ పోసేటప్పుడు, ఒంపేటప్పుడు పట్టే సెకన్లు కూడా లెక్కలోకి వచ్చి ఫిల్ము ఒకచోట ముదురు, ఒకచోట లేత అవుతుంది. అప్పుడు ఇంకా పలచగా కలుపుకోండి. కదపడం ఇల్‌ఫర్డ్ లెక్కన ప్రతి నిమిషం మొదట్లో 10 సెకన్లలో నాలుగుసార్లు తలకిందులు చేయడం, కొడాక్ లెక్కన ప్రతి 30 సెకన్లకీ ఒకసారి. ఏదో ఒకటి పట్టుకుని దాన్ని మార్చకండి.

నా అభ్యంతరం అసలు ఇదీ. నెగటివ్‌లో వెలుగు భాగాలు మరీ ముదిరాయనుకోండి, నిమిషం తగ్గిస్తారు. చప్పగా ఉన్నాయి, పెంచుతారు. స్టాండ్‌లో ఏం మారుస్తారు? గంటని 50 నిమిషాలు చేస్తే తేడా పట్టుకోవడం కష్టం. తప్పు ఎక్స్‌పోజర్‌లో ఉందో, కడగడంలో ఉందో కొత్తవాడికి ఎలా తెలుస్తుంది?

గంటసేపు:
ప్రతివాడూ ల్యాబు నడపడానికి రాలేదు కదా. ఏడాదిగా డ్రాయర్లో పడి ఉన్న రోలు బొమ్మగా మారితే చాలనుకునేవాళ్లూ ఉంటారు. ఏ కాలం నాటిదో తెలియని ఫిల్ము దొరికితే మీరూ స్టాండే చేస్తారు.

చారలొద్దు:
చేయను. పాత ఫిల్ముకి ముందే ఫాగ్ పట్టి ఉంటుంది, దాన్ని గంటసేపు నానబెడితే ఇంకా పెరుగుతుంది. అలాంటివాటికి హెచ్‌సీ-110 అనే ఇంకో డెవలపర్‌లో తక్కువ టైము నయం.

ఎర్రబల్బు:
గ్రెయిన్ (బొమ్మలో కనిపించే వెండి రేణువులు) సంగతీ ఒక మాట. డీ-76లో లీటరుకి 100 గ్రాముల సోడియం సల్ఫైట్ ఉంటుంది, అది గ్రెయిన్ అంచులని కాస్త కరిగించి మెత్తన చేస్తుంది. పలచటి రోడినాల్‌లో ఆ పని జరగదు. హెచ్‌పీ5 గ్రెయిన్ గరుగ్గా, స్పష్టంగా కనిపిస్తుంది. నాకిష్టమే. ముఖాల మీద అందరికీ నచ్చదు.

కొత్తరీలు గారూ, మా మాటలు నమ్మకండి. ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి ఒకే దృశ్యం, ఒకే ఎక్స్‌పోజర్‌తో రోలంతా తీయండి. చీకట్లో ఫిల్ముని సగానికి కత్తిరించి ఒక ముక్క ఇలా, ఒకటి అలా కడగండి.

కొత్తరీలు:
ఇది బాగుంది. ఈ ఆదివారమే. డీ-76 ముక్క ముందు కడుగుతాను. దృశ్యం ఏది తీయమంటారు?

గంటసేపు:
కిటికీ ఉన్న గది.

చారలొద్దు:
సగం ఫ్రేము ఖాళీ ఆకాశం, మధ్యలో ఒక కరెంటు స్తంభం.