“ఆజ్ఞా గురూణాం హ్యవిచారణీయా”: ఈ పాదం ఎక్కడిది, ఏ సందర్భంలోది?

ప్రశ్న (మల్లేశ్వరం, బెంగళూరు నుంచి ఒక సభ్యురాలు)

పెద్దలకు నమస్కారం. మా అత్తగారికి చాలా ఏళ్లుగా షుగర్ ఉంది. ఆవిడకు రెండు పూటలా ఇన్సులిన్ వేసేది నేనే. ఆవిడ ఈమధ్య ఒక గురువుగారి వద్ద దీక్ష తీసుకున్నారు. దీక్ష ముగిసేదాకా ఒంటిపూట భోజనం చేయాలని, మందూ మాకూ ముట్టకూడదని అక్కడ చెప్పారట. నేను సూది తీసుకుని దగ్గరికి వెళ్తే, “ఆజ్ఞా గురూణాం హ్యవిచారణీయా అన్నారమ్మా. నాకు మా గురువుగారి ఆజ్ఞ, నీకు నా ఆజ్ఞ” అన్నారు. వైద్యం సంగతి డాక్టరుగారితో మాట్లాడుతున్నాం కనుక ఆ సలహా అడగడం లేదు. ఇంట్లో వాదన అంతా ఈ శ్లోకం దగ్గరే ఆగిపోయింది. ఇది ధర్మశాస్త్ర వాక్యమా? దీనికి ముందూ వెనకా ఏముందో ఎవరైనా దయచేసి చెప్పగలరా?

సమాధానం (బసవనగుడి నుంచి)

అమ్మా, ఇది ధర్మశాస్త్రంలోది కాదు. కాళిదాసు రఘువంశం పద్నాలుగో సర్గలోని ఒక శ్లోకానికి చివరి పాదం. పూర్తి శ్లోకం ఇది:

స శుశ్రువాన్ మాతరి భార్గవేణ
పితుర్నియోగాత్ ప్రహృతం ద్విషద్వత్ ।
ప్రత్యగ్రహీదగ్రజశాసనం తత్
ఆజ్ఞా గురూణాం హ్యవిచారణీయా ॥

తండ్రి ఆజ్ఞ మీద పరశురాముడు కన్నతల్లిని శత్రువును నరికినట్టు నరికాడని విని ఉన్న లక్ష్మణుడు అన్నగారి శాసనాన్ని స్వీకరించాడు, పెద్దల ఆజ్ఞ విచారించదగినది కాదు కదా, అని తాత్పర్యం. ఆ శాసనం ఏమిటంటే, నిండు గర్భిణి అయిన సీతను రథం ఎక్కించుకుని వెళ్లి అడవిలో వదిలి రమ్మనడం. ఇక్కడ గురువంటే పెద్దవాడైన అన్న, రాజు. దీక్ష ఇచ్చిన ఆచార్యుడి ప్రసక్తి ఈ ఘట్టంలో లేదు.

శ్లోకం నడక అర్థాంతరన్యాసం. ఒక ప్రత్యేక సంగతి చెప్పి, దానిని సమర్థించడానికి చివర ఒక సామాన్య వాక్యం పెట్టడం ఈ అలంకారం పని. అటువంటి చివరి పాదాలు నోటికి పట్టుకుంటాయి, పై మూడు పాదాలు రాలిపోతాయి, మిగిలినది సూక్తిగా చలామణీ అవుతుంది. ఈ సామాన్య వాక్యం కవి తన తీర్పుగా చెప్పాడా, చేయరాని పని చేయబోతున్న లక్ష్మణుడు తనకు తాను చెప్పుకున్న ఊరటగా చెప్పాడా అన్నది శ్లోకం తేల్చదు. నాకు మాత్రం రెండోదే సరి అనిపిస్తుంది, ఎందుకంటే ఆజ్ఞాపాలనను పొగడదలచిన కవికి “ద్విషద్వత్” అనే మాటతో అవసరం లేదు. తల్లిని శత్రువుగా చూడగలిగితే తప్ప ఆ గొడ్డలి లేవదని ఆ ఒక్క మాట చెబుతోంది.

చుట్టూ ఉన్న శ్లోకాలు కూడా ఈ పాదాన్ని ఒంటరిగా వదలవు. రాముడు తన నిర్ణయం చెప్పినప్పుడు తమ్ముళ్లలో ఒక్కరూ “నిషేద్ధుమాసీదనుమోదితుం వా” శక్తులు కాలేకపోయారట, అంటే వద్దనలేకపోయారు, సరే అని కూడా అనలేకపోయారు. రథం గంగ ఒడ్డుకు చేరేసరికి అలలనే చేతులుగా ఎత్తి నది లక్ష్మణుడిని వారిస్తున్నట్టు ఉందని కవి అంటాడు. అన్నదమ్ములు అనలేని “వద్దు”ను ఆయన నదికి అప్పగించాడు. అవతలి ఒడ్డున లక్ష్మణుడు కన్నీటిని గొంతులోనే ఆపుకుని, ఉత్పాత మేఘం రాళ్లవాన కురిసినట్టు “మహీపతేః శాసనముజ్జగార”. ఉజ్జగార అంటే కక్కాడు. ఆ తర్వాత తాను పరాధీనుడినని చెప్పి, ఆజ్ఞలోని కర్కశత్వాన్ని క్షమించమని ఆమె ముందు వంగాడు. సీత అతడిని లేవనెత్తి దీవిస్తుంది, రాముడిని మాత్రం వదలదు. అగ్నిలో శుద్ధురాలినని కళ్లారా చూసి కూడా లోకం మాట విని నన్ను విడిచావే, ఇది నీ చదువుకు తగినదా, నీ కులానికి తగినదా అని “ఆ రాజుతో” చెప్పమంటుంది. వాల్మీకి మహర్షి కూడా, ముల్లోకాల కంటకాన్ని పెరికినవాడే అయినా, సత్యసంధుడే అయినా, నీ విషయంలో చేసిన పనికి భరతుడి అన్న మీద నాకు కోపం ఉన్నది అంటాడు. విచారించరాని ఆజ్ఞను ఒకే సర్గలో ఇందరు విచారించారు.

వాల్మీకి రామాయణం అయోధ్యాకాండలో ఇదే లక్ష్మణుడు దీనికి పూర్తిగా ఎదురు మాట అంటాడు: “గురోరప్యవలిప్తస్య కార్యాకార్యమజానతః, ఉత్పథం ప్రతిపన్నస్య కార్యం భవతి శాసనమ్”. చేయదగినదీ తగనిదీ ఎరుగక, మదించి తప్పుదారి పట్టినవాడు గురువైనా దండించవలసిందే అని. రాముడు ఒప్పుకోలేదు, అది వేరే సంగతి. ఆ ఘట్టంలోనే రాముడు కూడా కౌసల్యకు పరశురాముడి తల్లి రేణుక కథను ఉదాహరణగా చెబుతాడు. అయితే అక్కడ ఆజ్ఞ పాటించేవాడూ రాముడే, అడవికి పోయేవాడూ రాముడే. రఘువంశంలో అదే కథను ఆధారం చేసుకుని ఆజ్ఞ పాటించేవాడు లక్ష్మణుడు, అడవిలో మిగిలేది సీత. ఉదాహరణ ఒకటే, దాని బరువు పడే భుజాలు వేరు. ఎవరైనా ఈ పాదం చదివినప్పుడు నేను మొదట చూసేది ఈ తేడానే.

మహాభారతం ఉద్యోగపర్వంలో అంబను స్వీకరించమని ఒత్తిడి చేసిన గురువుకు భీష్ముడు మరుత్తుడనే పూర్వరాజు గాథగా చెప్పినది కూడా ఈ “గురోరప్యవలిప్తస్య” శ్లోకమే. చివరి పాదం అక్కడ “పరిత్యాగో విధీయతే” అని ముగుస్తుంది, అంటే అటువంటి గురువును విడిచిపెట్టడమే విధి. ఆ గురువు మరెవరో కాదు, పరశురాముడే. ఇక రేణుక విషయానికి వస్తే, మన కర్ణాటకలోని సవదత్తిలోనూ, తెలుగు నేల మీద ఊరూరా ఎల్లమ్మగా పూజలందుకుంటున్నది ఆ తల్లే.

అన్నిటికన్నా మీకు పనికివచ్చేది శాంతిపర్వంలోని చిరకారి కథ అనుకుంటాను. గౌతముడు కోపంలో తల్లిని చంపమని కొడుకుకు చెప్పి అడవికి వెళ్లిపోతాడు. ప్రతి పనికీ ఎక్కువసేపు ఆలోచిస్తాడు కనుక ఆ కొడుక్కి చిరకారి అని పేరు. తండ్రి ఆజ్ఞ పరమధర్మమే, తల్లిని రక్షించడమూ నా ధర్మమే, ఈ రెంటిలో దేనికీ ద్రోహం చేయకుండా ఎలా అని అతడు ఆయుధం పట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోతాడు. ఈలోగా తండ్రి పశ్చాత్తాపంతో, ఈరోజైనా నా కొడుకు పేరు నిలబెట్టుకుని ఉంటే బాగుండునని ఏడుస్తూ తిరిగివస్తాడు. భార్య బతికే ఉండడం చూసి కొడుకును కౌగిలించుకుని దీవిస్తాడు. చిరకారి తండ్రిని ధిక్కరించలేదు, నరకనూ లేదు. విచారించాడు, అంతే.

అభ్యంతరం (జయనగర్ నుంచి)

సందర్భం పేరు చెప్పి ఏ సూక్తినైనా కూల్చవచ్చు. సుభాషితాలు సందర్భం నుంచి విడివడి బతుకుతాయి కనుకనే సుభాషితాలయ్యాయి. పైగా ప్రతివాడూ తన మనస్సాక్షే ప్రమాణమంటే ఏమవుతుందో కాళిదాసే చూపించాడు. శాకుంతలంలో “సతాం హి సందేహపదేషు వస్తుషు ప్రమాణమంతఃకరణప్రవృత్తయః” (సందేహం వచ్చిన చోట సజ్జనులకు తమ మనసు మొగ్గే ప్రమాణం) అన్నది ఎవరు? ఆశ్రమకన్య మీద అప్పుడే మనసుపడిన దుష్యంతుడు. తన కోరికకే అంతఃకరణమని పేరు పెట్టుకున్నాడు. గురువు మాటకు కట్టుబడడం మనలోని ఆ దుష్యంతుడికి పగ్గం వేయడానికే.

బసవనగుడి నుంచి

దుష్యంతుడి గురించి మీరన్నది నిజం, ఆ హెచ్చరిక అవసరమే. అయితే ఆ శ్లోకం ముగిసిన వెంటనే అతడు “తథాపి తత్త్వత ఏనాముపలప్స్యే” అంటాడు, అంటే అయినా ఈమె సంగతి ఉన్నదున్నట్టు తెలుసుకుంటాను అని. మనసు సాక్ష్యం ఇచ్చాక కూడా విచారణ ఆపలేదు. సూక్తి సందర్భం నుంచి విడివడి బతకవచ్చు. కానీ ఒకరి ప్రాణం మీదికి వచ్చిన చోట దానిని ప్రయోగిస్తే, ముందు ఏ శ్లోకంలో బతికిందో అడిగే హక్కు వినేవారికి ఉంటుంది.

అడిగిన అమ్మాయికి ఒక మాట. దీక్ష అత్తగారిది, ఒళ్లూ ఆవిడదే, ఆవిడ నిష్ఠ కూడా మనస్సాక్షే. దానిని మూఢత్వమని కొట్టిపారేయకండి. కానీ “నీకు నా ఆజ్ఞ” అన్న రెండో ముక్కతో మీరు లక్ష్మణుడి చోటికి వస్తున్నారు, అక్కడ విచారించవలసింది మీరే.

రాజాజీనగర్ నుంచి

ఇంత దూరం వెళ్లక్కరలేదనుకుంటాను. ఉద్యోగపర్వంలో విదురుడు చెప్పిన శ్లోకం వ్రతాల సందర్భంలో పురోహితులందరికీ నోటికి వచ్చినదే:

అష్టౌ తాన్యవ్రతఘ్నాని ఆపో మూలం ఫలం పయః ।
హవిర్బ్రాహ్మణకామ్యా చ గురోర్వచనమౌషధమ్ ॥

వ్రతానికి భంగం కలిగించనివి ఎనిమిది: నీళ్లు, దుంపలు, పళ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుడి కోరిక, గురువు మాట, మందు. తైత్తిరీయ ఉపనిషత్తులో “ఆచార్యదేవో భవ” అన్న తర్వాత, మాలో మంచి నడవడి ఏదో దానినే పాటించు, “నో ఇతరాణి”, తక్కినవి వద్దు అని ఆచార్యుడే శిష్యుడికి చెబుతాడు. మనవాళ్లు మొదటి ముక్క దగ్గరే ఆగిపోతారు.

మల్లేశ్వరం నుంచి

అందరికీ కృతజ్ఞతలు. విదురుడి శ్లోకం పెద్ద అక్షరాలతో రాసి అత్తయ్యగారికి ఇచ్చాను. రెండుసార్లు చదివి, “చూశావా, మందు కన్నా ముందు గురువు మాటే ఉంది” అన్నారు!

రాజాజీనగర్ నుంచి

చమత్కారం బాగుంది, కానీ ఆ జాబితా హెచ్చుతగ్గుల వరస కాదు. గురువు తినమంటే తిన్నా వ్రతం చెడదని అక్కడ గురువచనానికి అర్థం. ఆ మినహాయింపును గురువుగారి నోటనే చెప్పించుకోవచ్చు కదా. డాక్టరు రాసిన కాగితం తీసుకువెళ్లి అడగండి.

మల్లేశ్వరం నుంచి

అందుకు ఆవిడ ఒప్పుకున్నారు, శనివారం మావారు తీసుకువెళ్తున్నారు. ఒంటిపూట తింటే మోతాదు ఎంత ఉండాలో డాక్టరుగారు ఈలోగా రాసిచ్చారు. గురువుగారిని అడిగి వచ్చేదాకా సూది ఆపనని అత్తయ్యగారితో చెప్పాను. చిరకారి కథ పూర్తిగా వినాలని ఆవిడే అడుగుతున్నారు, తెలుగు లిపిలో ఉన్న పాఠం ఎవరి దగ్గరైనా ఉంటే పంపగలరు.