దలైలామా ఫొటో పెట్టుకుంటే నిజంగానే జైల్లో వేస్తారా? టిబెట్ సంగతి తెలిసినవాళ్ళు చెప్పండి

బెజవాడ_బాబ్జీ:
నమస్తే అండీ అందరికీ. చలికాలం వస్తే మా విజయవాడలో టిబెట్ వాళ్ళు స్వెట్టర్ల షాపులు పెడతారు కదా, మొన్న అమ్మకి శాలువా కొందామని వెళ్తే ఒకావిడ గల్లాపెట్టె వెనకాల దలైలామా ఫొటో, దాని మీద తెల్ల కండువా వేసి ఉంది. మీ ఊళ్ళో కూడా అందరూ ఇలాగే పెట్టుకుంటారా అని ఊరికే అడిగా. అక్కడ పెడితే పోలీసులొస్తారు అని అంతే, మళ్ళీ బేరంలో పడిపోయింది, పైగా రూపాయి కూడా తగ్గించలా. ఇంటికొచ్చి వెతికితే ఏవేవో కనపడ్డాయి, జైల్లో పాటలు పాడినందుకు సన్యాసినులకి ఇంకా శిక్ష పెంచారని, చిన్నపిల్లని కూడా వేశారని. మా రూమ్మేట్ ఏమో ఇవన్నీ అమెరికా వాళ్ళ ప్రచారంరా, ఏ గొడవా చెయ్యకుండా ఎవడన్నా ఎవర్నన్నా లోపలేస్తాడా అంటాడు. అసలు నిజం ఏంటి? పాట పాడితే శిక్ష పెంచడం నిజమేనా?

పద్మజ_ఒంగోలు:
బాబ్జీ గారూ, నిజమే. మీరు చూసింది ద్రాప్చీ జైలు సంగతి, టిబెట్ రాజధాని లాసాలో ఉన్న పెద్ద జైలు అది. కొంచెం వివరంగా చెప్తా, ఓపిగ్గా చదవండి.

1987 నుంచి లాసాలో నిరసనలు మొదలయ్యాయి, 1989 మార్చిలో మార్షల్ లా పెట్టారు, అది ఏడాది పైన నడిచింది. ఆ రోజుల్లో నిరసన అంటే మనం అనుకునే ధర్నాలు, రాస్తారోకోలు కాదు. జోఖాంగ్ గుడి చుట్టూ బార్ఖోర్ అని ప్రదక్షిణ చేసే వీధి ఉంటుంది, మన గుళ్ళ చుట్టూ మాడవీధులు ఉన్నట్టే. ఓ పదిమంది లోపు సన్యాసులో సన్యాసినులో ప్రదక్షిణలో కలిసి నడుస్తా నడుస్తా "దలైలామా చిరకాలం జీవించాలి", "టిబెట్‌కి స్వేచ్ఛ కావాలి" అని అరుస్తారు. నాలుగైదు నిమిషాలు, అంతలో పోలీసులు వచ్చి ఎత్తుకుపోతారు. రాళ్ళు లేవు, కర్రలు లేవు. ఆ నాలుగు నిమిషాలకి మూడేళ్ళు, ఐదేళ్ళు, కొందరికి ఇంకా ఎక్కువ (పెద్ద నిరసనల్లో రాళ్ళు పడ్డాయి, నిప్పులు పెట్టారు, అది వేరే సంగతి, నేను చెప్పేది ఈ చిన్న చిన్న వాటి గురించి).

మీరన్న చిన్నపిల్ల పేరు నవాంగ్ సంగ్‌ద్రోల్. 1990లో నోర్బులింకా (లాసాలో దలైలామాల వేసవి భవనం) దగ్గర నినాదాలిచ్చినందుకు మొదటిసారి పట్టుకున్నప్పుడు ఆ పిల్లకి 13 ఏళ్ళు, తొమ్మిది నెలలు లోపల పెట్టారు. బయటికొచ్చి 1992లో మళ్ళీ నినాదాలిచ్చింది, ఈసారి మూడేళ్ళు. ఇక 1993లో ఆ పాటల సంగతి. జైల్లో 14 మంది సన్యాసినులు దొంగచాటుగా లోపలికి తెప్పించుకున్న ఒక టేప్ రికార్డర్‌లో తలా ఒక పాట పాడి రికార్డ్ చేశారు. ఊరు గురించి, దలైలామా గురించి, మేం బాగానే ఉన్నాం మా కోసం బెంగ పెట్టుకోకండి అని ఇంట్లోవాళ్ళకి చెప్తూ. ఆ క్యాసెట్ బయటికి పోయింది, పోయి దేశాలు తిరిగింది. దానికి ఒక్కొక్కరికి ఐదు నుంచి తొమ్మిదేళ్ళ దాకా శిక్ష పెంచారు. ఫున్‌త్సోక్ న్యిద్రోన్ అనే ఆవిడకి అప్పటికే 9 ఏళ్ళ శిక్ష ఉంది, అది 17 అయింది. సంగ్‌ద్రోల్‌కి ఆ తర్వాత కూడా జైల్లో ఎదురుతిరిగిందని పెంచుకుంటూ పోయి మొత్తం 20 ఏళ్ళు దాటించారు. 2002లో బయటి దేశాల ఒత్తిడి మీద వదిలారు. 13 ఏళ్ళప్పుడు పట్టుకుంటే, చివరికి వదిలేటప్పటికి 25.

అందరూ బయటికి రాలేదు. 1998 మేలో జైల్లో జెండా ఎగరేసే కార్యక్రమం పెడితే ఖైదీలు నినాదాలిచ్చారు, తర్వాత కొట్టిన దెబ్బలు మామూలువి కాదు. ఆ జూన్‌లో ఐదుగురు సన్యాసినులు లోపలే చనిపోయారు.

నిజం_చెప్తే_నిష్ఠూరం:
అక్కా బాధగానే ఉంది కాదనను, కానీ ఒకటి ఆలోచించండి, "టిబెట్‌కి స్వేచ్ఛ" అంటే మా ముక్క మాకిచ్చెయ్యండి అని కదా? ఏ దేశం ఊరుకుంటుంది? చైనా వాడు పూజ చేసుకోవద్దనలేదు, మఠాలు ఉన్నాయి, టూరిస్టులు కూడా వెళ్తున్నారు. వాడు వేసింది రాజకీయం చేసినవాళ్ళని. దీన్ని మతం ఖాతాలో వెయ్యటం నాకైతే కరెక్ట్ అనిపించట్లా. పైగా బయటినుంచి డబ్బులు రాలేదంటారా?

ప్లీడరు_గుమస్తా:
తమ్ముడూ నీ పాయింట్ తీసెయ్యాల్సిందేం కాదు, చైనా ప్రభుత్వం కూడా అచ్చం ఇదే అంటది. 1950లు, 60లలో అమెరికా సీఐఏ టిబెట్ గెరిల్లాలకి తుపాకులు, శిక్షణ ఇచ్చింది, అది దాచేదేం కాదు. కానీ 1993లో క్యాసెట్‌లో పాట పాడిన పిల్లలకీ దానికీ సంబంధం ఏంటి?

ఇక చట్టం సంగతి. వాళ్ళ రాజ్యాంగం 36వ ఆర్టికల్‌లో మత స్వేచ్ఛ ఉంది, కాకపోతే రక్షణ "సాధారణ మత కార్యకలాపాలకి" అని రాసుకున్నారు. ఏది సాధారణమో ఎవరు చెప్పాలి? కమ్యూనిస్టు పార్టీ చెప్పాలి. కీలకం అక్కడ ఉంది. గుళ్ళో దీపం పెట్టుకో, సాధారణం. గురువు ఫొటో పెట్టుకో, అసాధారణం. 1996లో మఠాల్లో దలైలామా ఫొటోల మీద నిషేధం పెట్టి, "దేశభక్తి విద్య" అని టీముల్ని పంపి ఒక్కొక్క సన్యాసి చేత దలైలామాని నేను ఖండిస్తున్నా అని సంతకం పెట్టించారు. పెట్టకపోతే మఠం నుంచి గెంటేశారు, గట్టిగా మాట్లాడితే జైలు. వాళ్ళ దృష్టిలో దలైలామా కరుణామూర్తి అయిన బోధిసత్వుడు అవలోకితేశ్వరుడి అవతారం, దీక్ష ఇచ్చిన గురువు. గురువుని తిట్టమని కాగితం ఇస్తే అది రాజకీయమా మతమా నువ్వే చెప్పు. 2007లో ఇంకో రూల్ తెచ్చారు, లామాల పునర్జన్మకి కూడా ప్రభుత్వం పర్మిషన్ ఉండాలంట. దేవుణ్ణి నమ్మని పార్టీ పునర్జన్మలకి సర్టిఫికెట్ ఇవ్వటం, నవ్వాలో ఏడవాలో తెలీదు.

కేసులు రాసే సెక్షన్ 1997 దాకా "విప్లవ వ్యతిరేక ప్రచారం". ఆ ఏడాది చట్టం మార్చి "దేశ భద్రతకి ప్రమాదం" అన్నారు, 103వ ఆర్టికల్ అయితే "దేశాన్ని చీల్చమని రెచ్చగొట్టడం". తాషీ వాంగ్‌చుక్ అని ఒక షాపాయన, స్కూళ్ళలో టిబెటన్ భాష సరిగ్గా చెప్పట్లేదని అమెరికా పేపరు వాళ్ళ వీడియోలో మాట్లాడాడు, స్వతంత్రం కావాలనలేదు, చైనా చట్టం ప్రకారమే కోర్టుకి వెళ్తా అన్నాడు. 2016 జనవరిలో పట్టుకెళ్ళి ఐదేళ్ళు వేశారు. సెక్షన్ అదే.

ధరణికోట_శీను:
ఇంతమంది మాట్లాడారు కానీ మన అమరావతి సంగతి ఎవరూ ఎత్తలేదే! 2006 జనవరిలో మా దగ్గర కాలచక్ర (టిబెట్ బౌద్ధుల పెద్ద దీక్షా కార్యక్రమం) జరిగింది, దలైలామా వచ్చారు, గుర్తుందా? బుద్ధుడు కాలచక్ర మొదట చెప్పింది ధాన్యకటకంలోనే (మన అమరావతి, ధరణికోటల పాత పేరు) అని వాళ్ళ నమ్మకం, అందుకని ఎక్కడెక్కణ్ణుంచో టిబెట్ వాళ్ళు వచ్చారు. పొలాల్లో గుడారాలు, ముసలమ్మలు చేతిలో చక్రం తిప్పుకుంటా స్తూపం చుట్టూ తిరగటం, మన హోటళ్ళలో ఇడ్లీలో కారప్పొడి వేసుకుని ఆయాసపడటం, అదంతా చూశాను నేను.

అప్పుడు ఆయన ఒక మాటన్నారు. పులి తోలు, చిరుత తోలు, నీటికుక్క తోలు బట్టలకి అంచులుగా వేసుకోవడం మానండి, మీరు అలా వేసుకున్న ఫొటోలు చూస్తే నాకు సిగ్గేస్తోంది అనే అర్థంలో. వచ్చినవాళ్ళు ఆ మాట ఊరికి మోసుకుపోయారు. ఫిబ్రవరి వచ్చేసరికి టిబెటన్లుండే ఊళ్ళలో లక్షల ఖరీదు చేసే తోళ్ళు నడిరోడ్డు మీద కుప్పలు పోసి తగలబెట్టారు. పెళ్ళిళ్ళకి పండగలకి వేసుకునేవి, తాతల నాటివి. దీంట్లో స్వతంత్రం లేదు, జెండా లేదు, అడవి జంతువుల్ని కాపాడటమే, అది చైనా చట్టంలో ఉన్న విషయమే. అయినా అధికారులు తగలబెట్టడం ఆపెయ్యమన్నారు, కొన్నిచోట్ల అరెస్టులు కూడా చేశారు. ఎందుకంటే చెప్పింది ఆయన కాబట్టి. నిష్ఠూరం తమ్ముడూ, రాజకీయం చేస్తేనే వేస్తారు అన్నావు కదా, ఇందులో రాజకీయం ఎక్కడుందో వెతుకు.

2012 బోధ్‌గయ కాలచక్రకి వచ్చి తిరిగి వెళ్ళినవాళ్ళనైతే వందలమందిని పట్టుకుని నెలల తరబడి "విద్య" చెప్పారంట.

నిజం_చెప్తే_నిష్ఠూరం:
తోళ్ళ సంగతి నాకు కొత్త, సరే ఒప్పుకుంటా అది కొంచెం అతిగానే ఉంది. కానీ మనం మాత్రం ఏం తక్కువ? 2019లో జిన్‌పింగ్ మామల్లపురం వస్తే మన పోలీసులే టిబెటన్ స్టూడెంట్లని లోపలేశారు కదా. అది ఎవరూ రాయరేం?

ప్లీడరు_గుమస్తా:
రాస్తా, ఎందుకు రాయను. వేశారు, తప్పే. టిబెట్ జెండాలతో జిన్‌పింగ్ దిగే హోటల్ ముందు నిలబడ్డ పిల్లల్ని ఎత్తుకెళ్ళారు, అంతకుముందు కవి తెన్‌జిన్ త్సుందేని కూడా ముందస్తుగా పట్టుకున్నారు. చైనా పెద్దమనిషి వచ్చినప్పుడల్లా ఇదే తంతు. తేడా అల్లా వాళ్ళ పేర్లు మర్నాడు పేపర్లో వచ్చాయి, లాయర్లు వెళ్ళారు, బయటికొచ్చారు. గెధున్ చోక్యి న్యిమా అనే పిల్లాణ్ణి 1995 మే 14న దలైలామా పంచన్ లామాగా (టిబెట్ బౌద్ధంలో దలైలామా తర్వాత అంత పెద్ద గురువు) ప్రకటిస్తే మూడు రోజుల్లో ఇంటిల్లిపాదినీ తీసుకెళ్ళారు, ఆరేళ్ళ పిల్లాడు. ఇప్పటిదాకా బయటివాళ్ళు ఎవరూ చూడలేదు. వాడు ఏ నినాదం ఇచ్చాడు?

బెజవాడ_బాబ్జీ:
చాలా థాంక్స్ అండీ అందరికీ, శీను గారూ అమరావతి సంగతి మాత్రం మైండ్ బ్లాక్ అయింది, పక్క ఊళ్ళో ఉండి నాకు తెలీదు. ఇంకొక్క డౌట్. మా పెదనాన్న వాళ్ళు కైలాస మానససరోవర యాత్రకి పేరిచ్చారు. అది కూడా టిబెట్టే కదా, వాళ్ళకేమన్నా ఇబ్బంది ఉంటుందా? పెదనాన్న అసలే నోరు ఊరుకోడు, కనపడినవాడినల్లా పలకరిస్తాడు.

పద్మజ_ఒంగోలు:
యాత్రికులకి ఇబ్బందేం ఉండదు బాబ్జీ గారూ, చలీ ఆక్సిజనూ చూసుకుంటే చాలు. దలైలామా ఫొటోలు, ఆయన పుస్తకాలు బ్యాగులో పెట్టుకోవద్దని యాత్ర వాళ్ళే చెప్తారు, ఫోన్‌లో ఉన్నా తీసెయ్యమనండి, బోర్డర్ దగ్గర చూస్తారు. పెదనాన్న గారికి మాత్రం ఒక మాట గట్టిగా చెప్పండి, అక్కడి గైడ్లని, యాక్ తోలేవాళ్ళని దలైలామా గురించి ఏమీ అడగొద్దని. ఈయన నాలుగు రోజుల్లో ఇంటికొచ్చేస్తారు. సమాధానం చెప్పినవాడు అక్కడే ఉండాలి, ఎవరన్నా వింటే కేసు వాడి మీద పడుతుంది.